ఒక్క ఒత్తు

మూడు వారాలకోసారి, గురువారం పొద్దున
కాలమ్ గిల్‌క్రైస్ట్ వస్తాడు, ఒళ్ళు తేలిక చేసుకోడానికి.
కూబర్ పీడీలో సగం ఊరు నేల కిందే కాపురం;
ఆసుపత్రి మాత్రం పైన, ఎండలో.
గుమ్మం దగ్గర బూట్ల దుమ్ము దులిపి
ఎడమ చెయ్యి చాపి, "ఊఁ, తవ్వు" అంటాడు.

నలభై ఏళ్ళు రాతిలో రంగు కోసం తవ్విన మనిషికి
చివరికి దొరికింది ఇనుము,
అదీ సొంత కాలేయంలో.

సూది గుచ్చుతాను. అర లీటరుకి కాస్త తక్కువ.
సంచీ తక్కెడ మీద ఊగుతూ నిండుతుంది.
ఆ ఇరవై నిమిషాలూ ప్రశ్నలే.

అసలు నాలో తప్పేంటి?
ఒక్క అక్షరం, అన్నాను.
మూడు వందల కోట్ల అక్షరాల రాతలో
ఒకచోట ఒకటి పడాల్సింది ఇంకోటి పడింది.
అమ్మ ప్రతిలోనూ అదే, నాన్న ప్రతిలోనూ అదే.
అందుకే మీ పేగు, గేటు మూయడం మరిచిన కాపలావాడు.
కూరలోంచి వచ్చిన ప్రతి ఇనప రవ్వనీ రా రమ్మంటాడు.

నమ్మలేదు. అక్షరానికి అంత బలమా?
మందుచీటీ వెనక, స్పెల్లింగులో రెండు ఎల్‌లు చూసి
అతని పేరు మా లిపిలో రాశాను: కల్లం.
ఇది ధాన్యం నూర్చే చోటు.
ఒత్తు తీసేశాను: కలం. ఇది రాసేది.
దీర్ఘం ఇచ్చాను: కాలం. ఇది అయిపోయేది.
చీటీ తిరగేసి, బోర్లేసి చూశాడు.
"ఈ మూడింట్లో నేనెవర్ని?"
కదలకండి, సూది జారుతుంది, అన్నాను.

ఇంకో గురువారం జేబులోంచి ఆల్చిప్ప తీశాడు.
ఇక్కడ సముద్రం ఉన్న రోజులది.
చిప్ప ఎప్పుడో కరిగిపోయింది. ఆ ఖాళీలోకి
సిలికా చుక్క చుక్కగా దిగి ఒపల్ అయింది.
తిప్పితే ఆకుపచ్చ, ఇంకాస్త తిప్పితే నిప్పు.
"చూడు, వీడు ఇల్లు మారాడు.
మనలాగే రాతి కొంపలో దిగాడు.
రాయి బతకలేదా, ఎక్కడైనా, ఇంకో నేల మీద?"

బతకొచ్చేమో. చదివినంత చెప్పాను:
బొగ్గుకీ సిలికాన్‌కీ నాలుగేసి చేతులే.
కానీ బొగ్గు ఊపిరి వదిలితే గాలిలో కలుస్తుంది,
సిలికాన్ ఊపిరి వదిలితే ఇసుక.
ప్రతి నిట్టూర్పుకీ గొంతులో గుప్పెడు.

నవ్వబోయి దగ్గాడు. దగ్గు చాలాసేపు ఆగలేదు.
"అయితే నేను సగం ఆ జాతే."

నీళ్ళకి బదులు అమ్మోనియాలో ఈదేవి ఉండొచ్చు.
చలి మీథేన్ చెరువుల్లో, వెయ్యేళ్ళకో ముద్ద తినేవి.
మన మెలికకి ఎదురు మెలిక తిరిగినవి.
నాలుగక్షరాలు చాలక ఎనిమిదితో రాసుకునేవి.
మా బళ్ళో యాభై ఆరు దిద్దించారు;
కొన్నిటితో ఇప్పటికీ నాకు పనే పడలేదు.
ఏ లిపైనా సరే, అన్నాను,
తన్ను తానే చూసి రాసుకోవాలి.
రాస్తూ అప్పుడప్పుడు తప్పాలి.
ఉప్పురాయి కూడా పెరుగుతుంది,
ఎన్నేళ్ళు పెరిగినా ఉప్పే.

ఈ చిప్పకి తన ఆకారం గుర్తుంది.
ఇంకో చిప్పని కనడం గుర్తులేదు.

చిప్పని అరచేతిలో మూసుకున్నాడు.
వాళ్ళమ్మ అరవై దాటకుండానే పోయిందట,
ఒళ్ళు కంచురంగు తిరిగి. అప్పట్లో అందరూ
ఎండ దెబ్బ అనుకున్నారట.
మోచేతి మడత కేసి చూస్తూ,
"అయితే ఇది ఆమె చేతిరాత" అన్నాడు.
కాస్త ఆగి, "తప్పుతో సహా."

సూది తీసి దూది నొక్కాను.
సంచీ ఇంకా వెచ్చగా ఉంది.
పారేసేదే అయినా పేరు రాయాలి, రూలు.
ఇంగ్లీషులో రాస్తుంటే ఒక ఎల్ తక్కువ పడింది.
"ఉండనీ, మా తాత అలాగే రాసేవాడు."
కుదరదు, అన్నాను.
రెండక్షరాల సందున ఇరికించి
ఇంకో ఎల్ పెట్టాను.